డబ్లిన్‌లో కారు లేదు, అమ్మానాన్న వస్తున్నారు: పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగొచ్చే చోట్లు చెప్పండి

గోదారి_గట్టు

మే నెలాఖరుకి అమ్మానాన్న వస్తున్నారు, ఆగస్టు మొదటి వారం దాకా ఉంటారు. నాకు కారు లేదు. మన లైసెన్స్ ఇక్కడ మార్చివ్వరు కాబట్టి లెర్నర్ పర్మిట్ తీసుకుని టెస్ట్ డేట్ కోసం ఎదురు చూస్తున్నాను. ఆఫీసులో ఎవర్నడిగినా "కారు లేకుండా ఐర్లండ్‌లో ఏం చూస్తావ్" అంటున్నారు.

నాన్నకి 71, బాగానే నడుస్తారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లంటే భయం. పైగా కోచ్ బస్సులో గంట దాటితే వాంతులు. రైల్లో మాత్రం ఏ ఇబ్బందీ ఉండదు. ఇద్దరూ శాకాహారులు. ఇప్పటికి రాసుకున్న లిస్టు: మోహెర్ కొండలు, గాల్వే, బెల్ఫాస్ట్, గ్లెన్‌డలాక్. రాత్రికి ఇంటికొచ్చి పడుకునేలా ఉండాలి. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

టాలా_తమ్ముడు

ముందు బెల్ఫాస్ట్ కొట్టేయ్. వీసా సంగతి చూసుకున్నావా?

గోదారి_గట్టు

నాకు ఐఆర్‌పీ కార్డు (ఇక్కడ ఉండటానికి ఇచ్చే పర్మిట్) ఉంది కదా. బోర్డర్ దగ్గర ఆపేవాళ్ళే ఉండరని అందరూ అంటున్నారు.

స్టాంప్4_అక్క

ఆపేవాళ్ళు లేనంత మాత్రాన రూల్ లేకుండా పోదు తమ్ముడూ. బెల్ఫాస్ట్ యూకేలో ఉంది. అక్కడ మన ఐఆర్‌పీ చెల్లదు. వీసా లేకుండా అటూ ఇటూ తిరగడం ఐరిష్, బ్రిటిష్ పౌరులకి. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉంటే యూకే వీసా ఉండాల్సిందే. తిరుగు ప్రయాణంలో గార్డా (ఐరిష్ పోలీసు) వాళ్ళు అప్పుడప్పుడు బస్సులోకి, రైల్లోకి ఎక్కి కాగితాలు అడుగుతారు. రేపు సిటిజన్‌షిప్‌కి అప్లై చేసుకునేటప్పుడు ఇలాంటివి మెడకి చుట్టుకుంటాయి.

తమాషా ఏంటంటే నువ్వు వెళ్ళకూడదు గానీ మీ అమ్మానాన్న వెళ్ళొచ్చేమో. ఇండియాలో అప్లై చేసి తెచ్చుకున్న షార్ట్ స్టే వీసా స్టిక్కర్ మీద బీఐవీఎస్ (బ్రిటిష్ ఐరిష్ వీసా స్కీమ్) అని అచ్చయి ఉంటే, ముందు ఐర్లండ్‌లో దిగి, తర్వాత అదే వీసా మీద యూకేకి వెళ్ళొచ్చు. స్టిక్కర్ ఫోటో తెప్పించుకుని చూడు.

టాలా_తమ్ముడు

అంటే వాళ్ళిద్దరూ కానలీ స్టేషన్లో ఎంటర్‌ప్రైజ్ రైలెక్కి టైటానిక్ మ్యూజియం చూసొస్తారు, మనోడు ప్లాట్‌ఫాం మీద టాటా చెప్పి ఇంటికెళ్ళి గిన్నెలు కడుక్కుంటాడు 😂

స్టాంప్4_అక్క

నవ్వకు, మా ఇంట్లో జరిగింది అదే. రెండు గంటల పైచిలుకు ప్రయాణం, ఇప్పుడు గంటకో రైలు. 2024లో తెరిచిన గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ ఊరి మధ్యలోనే ఉంది. వాళ్ళకి పౌండ్లు ఇచ్చి పంపండి, అక్కడ యూరో నడవదు.

కిటికీ_సీటు

మోహెర్ గురించి ఎవరూ చెప్పరేం? డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్ నుంచి గాల్వేకి రైల్లో దాదాపు రెండున్నర గంటలు. అక్కడ్నించి 350 నంబర్ బస్సు, బరెన్ రాళ్ళ మధ్య సన్నటి రోడ్ల మీద మెలికలు తిరుగుతూ ఇంకో రెండు గంటలు. మళ్ళీ వెనక్కి అంతే. తొమ్మిది గంటల ప్రయాణం చేసి కొండ దగ్గర గంటన్నర నిలబడతారు. అదీ మబ్బు లేకపోతే. బస్సు పడని మనిషికి అది ట్రిప్పు కాదు, శిక్ష.

ఓరుగల్లు_పోరడు

నేను ఒప్పుకోను. 214 మీటర్ల ఎత్తు కొండ అంచున నిలబడితే కింద అట్లాంటిక్ కనబడతది. ఐర్లండ్ దాకా వచ్చి అది చూడకుండా పోతే మా నాన్న జిందగీలో ఊకోడు. మేము టూర్ బస్సులో పోయినం, పొద్దున ఏడింటికి ఎక్కితే రాత్రి ఏడున్నరకి దింపిండు. ఏం కాలే.

కిటికీ_సీటు

మీ నాన్నకి వాంతులు కావు కదా. పైన రాసింది చదివావా?

ఓరుగల్లు_పోరడు

చదివిన. మందు బిళ్ళ ఉంటది కదా అన్నా.

గోదారి_గట్టు

బిళ్ళ వేసుకుంటే అమ్మ రోజంతా నిద్రపోతుంది. మోహెర్ మీద ఆశ నాన్నదే. సరే, దాన్ని పక్కన పెడదాం, మిగతావి చెప్పండి. బస్సులకీ రైళ్ళకీ వాడే లీప్ కార్డు ఏది తీసుకోవాలో కూడా.

కిటికీ_సీటు

నా ఉద్దేశం ఒక్కటే: దూరాలు పోకండి. డబ్లిన్ అదృష్టం దాని రైలు పట్టాలే. ఈ ఊళ్ళో సముద్రం పక్కనే రైలు వేశారు. డన్ లీరీ లైను 1834లో మొదలైంది, మన బొంబాయి–ఠాణా బండి కంటే 19 ఏళ్ళ ముందు. ఇప్పుడు ఆ పట్టాల మీదే డార్ట్ అనే లోకల్ రైలు నడుస్తోంది.

మొదటి వారం దక్షిణం వైపు గ్రేస్టోన్స్‌కి తీసుకెళ్ళు. ఊళ్ళో ఎక్కేటప్పుడే ఎడమ వైపు కిటికీ పట్టుకోండి. బూటర్స్‌టౌన్ దగ్గర చిత్తడి నేల, పిట్టలు. ఆ తర్వాత డన్ లీరీ దాకా సముద్రం పక్కపక్కనే వస్తుంది. డాల్కీ దాటాక చిన్న సొరంగం, అందులోంచి బయటపడగానే కింద కిలైనీ బే మొత్తం ఒక్కసారిగా తెరుచుకుంటుంది. మా అమ్మ అక్కడ "భీమిలి రోడ్డులా ఉందిరా" అంది, ఆవిడకి అంతకంటే పెద్ద మెచ్చుకోలు లేదు. బ్రే తర్వాత బ్రే హెడ్ కొండని తొలిచి వేసిన సొరంగాలు, మధ్యమధ్య నీళ్ళ మీద వేలాడుతున్నట్టు పట్టాలు. ఈ భాగం కట్టిన ఇంజినీరు బ్రూనెల్.

అన్ని డార్ట్‌లూ గ్రేస్టోన్స్ దాకా పోవు, చాలా బళ్ళు బ్రేలోనే ఆగిపోతాయి. బోర్డు చూసి ఎక్కండి. ఇందులో మీ అమ్మగారు ఎక్కాల్సిన మెట్టు దాదాపు లేదు. స్టేషన్లలో లిఫ్టు పనిచేస్తోందో లేదో మాత్రం ముందు చూసుకో, అది దైవాధీనం.

లిఫీ_లక్ష్మి

గ్రేస్టోన్స్‌లో దిగి బ్రేకి కొండ అంచు దారిలో నడిచి రావచ్చు కదా? ఏడు కిలోమీటర్లే. నాన్నగారికి బాగుంటుంది.

కిటికీ_సీటు

ఆ దారిని కొండచరియలు విరిగిపడుతున్నాయని 2021లో మూసేశారు. పాత బ్లాగుల్లో ఇంకా "తప్పక నడవండి" అనే ఉంటుంది. వాటిని నమ్మి బయల్దేరకండి, కౌంటీ కౌన్సిల్ నోటీసు చూసుకోండి. నాన్నగారికి నడవాలని ఉంటే బ్రే హెడ్ పైన సిలువ దాకా ఎక్కొచ్చు, అది వేరే దారి, కాస్త నిటారు. అమ్మగారు కింద సముద్రం ఒడ్డున కూర్చుంటారు. బ్రే ప్రొమెనేడ్ పొడవునా చదును, బెంచీలు బోలెడు.

సీగల్_బాధితుడు

హోత్ మర్చిపోయారా అందరూ. ఉత్తరం వైపు డార్ట్‌లో అరగంట. హార్బర్లో సీల్స్ తల పైకెత్తి చూస్తుంటాయి, పిల్లలకీ పెద్దలకీ అదే పెద్ద కాలక్షేపం. ఒక్కటే హెచ్చరిక, బయట కూర్చుని ఏమీ తినకండి. ఎందుకు చెబుతున్నానో నా హ్యాండిల్ చూడండి.

టాలా_తమ్ముడు

ఏం పోయింది అన్నా?

సీగల్_బాధితుడు

చిప్స్ పొట్లం మొత్తం. పక్షి నన్ను చూసింది, నేను పక్షిని చూశాను, అంతే.

లిఫీ_లక్ష్మి

శాకాహారులు కాబట్టి ఇంకో మాట. అక్కడ చాలా షాపుల్లో చిప్స్‌ని చేపలు వేయించిన నూనెలోనే వేస్తారు. అడిగితే చెబుతారు, అడగకపోతే చెప్పరు. మా అత్తయ్యగారు తిన్నాక అడిగారు. ఆ సాయంత్రం ఎలా గడిచిందో అడక్కండి. మేమైతే పులిహోర, పెరుగన్నం డబ్బాలే. డార్ట్‌లో తిన్నా ఎవరూ ఏమీ అనరు.

గోదారి_గట్టు

హోత్‌లో కొండ ఎక్కాలి కదా? అమ్మ?

సీగల్_బాధితుడు

ఎక్కక్కర్లేదు. హెచ్3 బస్సు హోత్ సమ్మిట్ దాకా వెళ్తుంది. అక్కడ దిగి కాస్త నడిస్తే బెయిలీ లైట్‌హౌస్, డబ్లిన్ బే మొత్తం కనిపిస్తాయి. నాన్నగారు అక్కణ్ణించి కొండ అంచు దారిలో హార్బర్‌కి దిగి రావచ్చు. అమ్మగారితో నువ్వు అదే బస్సులో వెనక్కి వచ్చెయ్. పూర్తి చుట్టు ఆరు కిలోమీటర్లు, ఆకుపచ్చ బాణాలు ఉంటాయి. ఊదా బాణాల వెంట పోతే అది రెట్టింపు దూరం, జాగ్రత్త.

బ్యాగ్_తో_భార్గవ్

ఎక్కే రైలు మీద కూడా ఓ కన్నేయండి. హోత్ బండి, మాలహైడ్ బండి చాలా దూరం ఒకే పట్టాల మీద పోయి హోత్ జంక్షన్ దగ్గర విడిపోతాయి. ఫోన్లో తలదూర్చి కూర్చుంటే ఒక ఊరికని ఎక్కి ఇంకో ఊళ్ళో దిగుతారు. అయినా నష్టం లేదు, మాలహైడ్‌లో కోట ఉంది. టాల్బట్ అనే కుటుంబం 1185 నుంచి 1976 దాకా, మధ్యలో కొన్నేళ్ళు తప్ప, అదే ఇంట్లో ఉంది. స్టేషన్ నుంచి నడిచేంత దూరం, తోట అంతా చదును.

అనంతపురం_ఎండ

దాదాపు 800 ఏళ్ళు ఇల్లు మారలేదా! నేను ఇక్కడికొచ్చాక అద్దె ఇళ్ళు మారడమే ఉద్యోగంగా పెట్టుకున్నాను.

బ్యాగ్_తో_భార్గవ్

వాళ్ళకి డిపాజిట్ అడిగేవాడు లేడు.

స్టాంప్4_అక్క

కార్డు సంగతి అడిగావు. విజిటర్ లీప్ కార్డు కొనకు. అది మొదటిసారి తాకించిన క్షణం నుంచి వరుసగా 24 గంటలు గానీ 72 గంటలు గానీ నడుస్తుంది, హోటల్లో దిగి మూడు రోజుల్లో ఊరంతా తిరిగేవాళ్ళకి. మీరు వారానికోసారి బయటికెళ్తారు, మామూలు లీప్ కార్డు చాలు. సిటీ జోన్‌లో 90 నిమిషాల్లో ఎన్ని మారినా పెద్దలకి 2 యూరోలు. బస్సు దిగి డార్ట్ ఎక్కినా అందులోనే. రైలు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తాకించాలి. నాన్నగారు గేటు దగ్గర మర్చిపోతారు, ముందే చెప్పి ఉంచు. బస్సులో కార్డు లేకపోతే చిల్లర నాణేలే వేయాలి, నోట్లు తీసుకోరు, మిగిలింది తిరిగివ్వరు.

గోదారి_గట్టు

66 దాటితే ఉచితం అని విన్నాను?

స్టాంప్4_అక్క

ఇక్కడ నివాసం ఉన్నవాళ్ళకి మాత్రమే. విజిటర్లకి లేదు. నీకు 25 లోపైతే యంగ్ అడల్ట్ కార్డు మీద సగం ధర, అది వాడుతున్నావా?

గోదారి_గట్టు

25 దాటి చాలా కాలమైంది అక్కా 🙂

ఓరుగల్లు_పోరడు

గ్లెన్‌డలాక్ గురించి ఎవరన్నా చెప్పుండ్రి, అది లిస్టులో ఉంది.

లిఫీ_లక్ష్మి

అది నాకు ఇష్టమైన చోటు. ఆరో శతాబ్దంలో సెయింట్ కెవిన్ అనే సన్యాసి వచ్చి తపస్సు చేసుకున్న లోయ. రెండు చెరువులు, పాత మఠం గోడలు, 30 మీటర్ల రౌండ్ టవర్. అక్కడికి రైలు లేదు. ఆయన పేరుతోనే ఉన్న ప్రైవేటు బస్సులో మేము ఊరి మధ్యలోంచి వెళ్ళాం, ఒకటిన్నర గంటకి పైగా పట్టింది. రోజుకి వెళ్ళేవి, వచ్చేవి చాలా తక్కువ. సాయంత్రం బస్సు తప్పితే ట్యాక్సీ వాడు అడిగినంత ఇవ్వాలి. టైం టేబుల్ అదే వారం చూసుకోండి, సీజన్ని బట్టి మారుస్తుంటారు.

అమ్మగారికి దారి బాగుంటుంది. మఠం నుంచి పై చెరువు దాకా చదునైన బాట, కొంత దూరం చెక్క పలకలు పరిచారు. స్పింక్ అని పైకి పోయే దారి మాత్రం వద్దు, 600 మెట్ల పైనే.

అయితే నీ లెక్క ప్రకారం బస్సు గంట దాటుతుంది. వంపులూ ఎక్కువే. ముందు సీట్లో కూర్చోబెట్టి, ఖాళీ కడుపుతో కాకుండా తీసుకెళ్ళు.

టాలా_తమ్ముడు

అదే దారిలో రౌండ్‌వుడ్ దగ్గర వినాయకుడి విగ్రహాలున్న తోట ఒకటుంది. మహాబలిపురం శిల్పులు చెక్కిన నల్లరాతి విగ్రహాలు. వినాయకుడు డాన్స్ చేస్తుంటాడు, వేణువు ఊదుతుంటాడు. అమ్మానాన్నకి బాగా నచ్చుతుంది!

లిఫీ_లక్ష్మి

తమ్ముడూ, నువ్వు లోపలికి వెళ్ళావా అసలు?

టాలా_తమ్ముడు

ఫోటోలు చూశాను.

లిఫీ_లక్ష్మి

వినాయకుళ్ళ వరకే ఫోటోల్లో కనిపిస్తారు. మిగతా విగ్రహాలు కొన్ని అమ్మానాన్న పక్కన నిలబడి చూసేవి కావు. అక్కడికి పిల్లల్ని రానివ్వరు, ఎందుకో వెళ్తే అర్థమవుతుంది. పైగా తెరిచేది కొన్ని నెలలే.

ఓరుగల్లు_పోరడు

ఇప్పుడు అందరూ పోతరు 😂

అనంతపురం_ఎండ

కిలైనీ గురించి పైన కిటికీ_సీటు అన్న రైల్లోంచే చూసి వదిలేశాడు. ఆ కొండ మీద ఒక రాతి స్తంభం ఉంది. 1740, 41లో ఇక్కడ భయంకరమైన చలి, కరువు. ఆ తర్వాత 1742లో పేదలకి పని కల్పించడానికి అక్కడి భూస్వామి గోడలూ ఆ స్తంభమూ కట్టించాడు. ఆ సంగతి దాని మీదే చెక్కి ఉంది. మా వైపు కరువు పనుల కింద తవ్విన చెరువులు చూస్తూ పెరిగినవాణ్ణి, ఆ రాత చదివి చాలాసేపు అక్కడే కూర్చున్నాను. ఇక్కడి గైడ్లు ఆ కొండ మీంచి కనిపించే వ్యూ గురించే చెబుతారు, ఆ పక్కన ఇళ్ళు ఎవరెవరివో చెబుతారు.

స్టేషన్ నుంచి నడిస్తే నిటారు. అమ్మగారితో అయితే ఆ ఒక్క రోజుకి స్టేషన్ నుంచి ట్యాక్సీ పెట్టుకుని పై పార్కింగ్ దాకా వెళ్ళండి. అక్కడి నుంచి కూడా కొంచెం ఎక్కాలి గానీ ఆగి ఆగి వెళ్ళొచ్చు.

గోదారి_గట్టు

ఇది నాన్నకి చెబుతా. రిటైర్డ్ సోషల్ మాస్టారు.

మదనపల్లె_మిరియం

సోషల్ మాస్టారా! అయితే ఎవరూ చెప్పని ఊరు ఒకటి చెబుతా. బాయిల్, రాస్‌కామన్ కౌంటీ. కానలీలో స్లైగో రైలెక్కితే రెండున్నర గంటలకి అటూ ఇటూగా దిగిపోవచ్చు. మారే పని లేదు, బస్సు లేదు.

ఎందుకు వెళ్ళాలంటే, మార్గరెట్ కజిన్స్ పుట్టిన ఊరు అది, 1878లో. ఇక్కడ ఆడవాళ్ళ ఓటు హక్కు కోసం పోరాడి జైలుకి వెళ్ళింది. 1915లో భర్త జేమ్స్‌తో కలిసి ఇండియా వచ్చింది. ఆయన మా మదనపల్లె థియొసాఫికల్ కాలేజీకి ప్రిన్సిపాల్. 1919లో టాగూర్ అక్కడికొచ్చి కొన్నాళ్ళు ఉన్నాడు. జనగణమనని ఇంగ్లిష్‌లోకి అనువదించింది అక్కడే. దాని బాణీ కట్టింది మార్గరెట్. మా కాలేజీలో చదివినవాళ్ళకి ఇది ఆస్తిపాస్తుల కంటే ఎక్కువ.

ఊళ్ళో 12వ శతాబ్దపు సిస్టర్షియన్ సన్యాసుల మఠం శిథిలాలు ఉన్నాయి. స్టేషన్ నుంచి నిదానంగా నడిచినా చాలు. పెద్ద టూరిస్టు ఊరేం కాదు. వీధులు నిశ్శబ్దంగా ఉంటాయి, టీ తాగడానికి రెండు మూడు చోట్లు ఉంటాయి. నాకు అదే నచ్చింది.

కిటికీ_సీటు

బాణీ కట్టింది మార్గరెట్ అంటే పేచీ వస్తుంది. ఆ పాట 1911లోనే కలకత్తా కాంగ్రెస్‌లో పాడారు కదా, బాణీ లేకుండా పాడారా? బాణీ టాగూర్‌దే. ఆవిడ స్వరలిపి రాసి పెట్టింది.

మదనపల్లె_మిరియం

సరే, స్వరలిపి అనే అందాం. మదనపల్లెలో ఎవరితోనూ ఈ మాట అనకండి, భోజనం పెట్టరు.

అనంతపురం_ఎండ

పక్క జిల్లా వాణ్ణి కాబట్టి చెబుతున్నా, నిజంగానే పెట్టరు.

గోదారి_గట్టు

నాన్నకి ఇప్పుడే ఫోన్లో చదివి వినిపించాను. "మోహెర్ ఉన్నా లేకపోయినా ఫర్వాలేదు, ముందు ఈ ఊరికి టికెట్ తియ్" అన్నారు 😃

ఓరుగల్లు_పోరడు

నా కొండ పాయె.

బ్యాగ్_తో_భార్గవ్

దూరం రైళ్ళకి టికెట్ ముందే ఆన్‌లైన్లో కొంటే బాగా తక్కువ. సీటు కూడా రిజర్వ్ అవుతుంది, సీటు పైన స్క్రీన్ మీద పేరు పడుతుంది. నాన్నగారు తన పేరు చూసుకుని ఫోటో తీసుకుంటారు చూడు.

అలా రైల్లో పోయే ఊళ్ళలో నా ఓటు కిల్కెన్నీకి. హ్యూస్టన్ నుంచి గంటన్నర. స్టేషన్ నుంచి కోటకి పది పదిహేను నిమిషాల నడక, ఊరంతా చేతికి అందేలా ఉంటుంది. బట్లర్ వంశం వాళ్ళు ఆ కోటని 1967లో ఊరికి 50 పౌండ్లకి ఇచ్చేశారు.

ఓరుగల్లు_పోరడు

50 పౌండ్లకి కోట! ఇప్పుడు హైదరాబాద్‌లో అంతకి పార్కింగ్ కూడా రాదు.

స్టాంప్4_అక్క

హ్యూస్టన్, కానలీ వేరే వేరే స్టేషన్లు, గుర్తుంచుకో. మధ్యలో లూవాస్ ట్రామ్ రెడ్ లైన్ ఉంది. గాల్వే, కిల్కెన్నీ హ్యూస్టన్ నుంచి. స్లైగో, బెల్ఫాస్ట్, వెక్స్‌ఫర్డ్ కానలీ నుంచి.

సీగల్_బాధితుడు

న్యూగ్రేంజ్ ఎవరూ అనలేదు? సోషల్ మాస్టారు అంటున్నారు కదా. క్రీస్తుకు పూర్వం 3200 నాటి రాతి సమాధి. పిరమిడ్ల కంటే పాతది.

లిఫీ_లక్ష్మి

బాగుంటుంది. కానలీ నుంచి డ్రాహిడాకి రైలు, అక్కడ్నించి లోకల్ బస్సు, లేదంటే కొద్ది దూరమే కాబట్టి ట్యాక్సీ. నేరుగా సమాధి దగ్గరికి వెళ్ళనివ్వరు. విజిటర్ సెంటర్లో టికెట్ తీసుకుంటే వాళ్ళ షటిల్ బస్సులో తీసుకెళ్తారు. వేసవిలో టికెట్లు ముందే అయిపోతాయి, ఆన్‌లైన్లో కొనండి. లోపలి దారి 19 మీటర్లు, ఇరుకు, కొన్ని చోట్ల వంగి నడవాలి. అమ్మగారు బయటే ఉండిపోవచ్చు. లోపల లైట్లు ఆర్పేసి, డిసెంబర్ 21 వేకువన సూర్యకిరణం ఎలా లోపలికి వస్తుందో దీపంతో చేసి చూపిస్తారు. అసలైన కిరణం చూడాలంటే లాటరీలో పేరు రావాలి.

టాలా_తమ్ముడు

డ్రాహిడాలో దిగితే సెయింట్ పీటర్స్ చర్చిలో ఒక సెయింట్ తల కాయ గాజు పెట్టెలో పెట్టి ఉంటుంది. నిజం తలకాయ. ఇది మాత్రం స్వయంగా చూశాను.

స్టాంప్4_అక్క

ఆలివర్ ప్లంకెట్. 1681లో లండన్‌లో ఉరి తీశారు. అమ్మగారికి భోజనం ముందు చూపించకు.

కిటికీ_సీటు

ఎవరూ అడగని విషయం, కానీ పెద్దవాళ్ళతో అన్నిటికంటే ముఖ్యమైంది: డార్ట్ రైళ్ళలో టాయిలెట్ ఉండదు. దూరం రైళ్ళలో ఉంటుంది. చిన్న స్టేషన్లలో ఉన్నా తాళం వేసి ఉండొచ్చు. హోత్ హార్బర్ దగ్గర పబ్లిక్ టాయిలెట్లు ఉన్నాయి. మిగతా చోట్ల టీ కొనుక్కుని కెఫేలోది వాడుకోవడమే. నా అనుభవంలో పెద్దవాళ్ళు "అలసిపోయాను" అంటే సగం సార్లు కారణం ఇదే, మొహమాటంతో చెప్పరు.

లిఫీ_లక్ష్మి

ఈ పోస్టుకి వంద లైకులు. మా అత్తయ్యగారు ఇందుకే రోజంతా నీళ్ళు తాగడం మానేశారు, తలనొప్పితో ఇంటికొచ్చాం.

బ్యాగ్_తో_భార్గవ్

పవర్స్‌కోర్ట్ తోట కూడా చేర్చు. 44 నంబర్ బస్సు ఎన్నిస్కెరీ ఊరి దాకా వెళ్తుంది, అక్కడ్నించి తోటకి రెండు కిలోమీటర్లు ఎత్తు దారి. తోటలో జపనీస్ తోట, చెరువు, వెనక షుగర్‌లోఫ్ కొండ. జలపాతం కూడా ఉంది, 121 మీటర్లు. కానీ అది తోటలో లేదు, ఆరు కిలోమీటర్ల అవతల ఉంది. బస్సు లేదు, ఆ రోడ్డు పక్కన ఫుట్‌పాత్ లేదు. మ్యాప్‌లో రెండిటి పేరూ ఒకటే కదా అని నడక మొదలుపెట్టేవాళ్ళని ప్రతి వేసవీ చూస్తుంటాం.

గోదారి_గట్టు

నోట్ చేసుకున్నా. ఇప్పటికి ఇలా అనుకుంటున్నాను: మొదటి వారం గ్రేస్టోన్స్, తర్వాత హోత్, మాలహైడ్. నాన్న జెట్‌లాగ్ తీరాక బాయిల్, కిల్కెన్నీ. న్యూగ్రేంజ్‌కి టికెట్ దొరికితే అది. బీఐవీఎస్ ఉంటే వాళ్ళిద్దరినీ బెల్ఫాస్ట్ పంపిస్తా, నేను గిన్నెలు కడుక్కుంటా. గ్లెన్‌డలాక్ అమ్మని అడిగి చెబుతా.

అనంతపురం_ఎండ

కిలైనీ?

గోదారి_గట్టు

గ్రేస్టోన్స్ నుంచి వచ్చేటప్పుడు దిగుతాం అన్నా.

అనంతపురం_ఎండ

ఒకే రోజు రెండూ పెట్టకు. అమ్మకి మోకాళ్ళని నువ్వే రాశావు.

కిటికీ_సీటు

నిజమే. జూన్‌లో రాత్రి పదింటి దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి ఇంకొకటి, ఇంకొకటి అనిపిస్తుంది. వెలుతురు ఉంటుంది గానీ మోకాళ్ళు ఉండవు. వెక్స్‌ఫర్డ్ రైలు గురించి కూడా ఆలోచించు. గ్రేస్టోన్స్ దాటాక అది విక్లో దాకా సముద్రం ఒడ్డు వెంటే పోతుంది, చివర్లో వెక్స్‌ఫర్డ్ ఊళ్ళో రేవు గట్టు మీద రోడ్డు పక్కనే మెల్లగా పాకుతుంది. వెళ్ళడం, టీ తాగడం, రావడం. అంత మాత్రం ట్రిప్పుకి మా అమ్మ మొత్తం వీధికి ఫోన్ చేసి చెప్పింది.

ఓరుగల్లు_పోరడు

రైల్లో కూర్చునుడు కూడా ట్రిప్పేనా?

కిటికీ_సీటు

కూర్చోలేని వాళ్ళ కోసం మోహెర్ ఉంది.

గోదారి_గట్టు

వాళ్ళు వచ్చాక మొదటి వీకెండ్ జూన్ బ్యాంక్ హాలిడే. సోమవారం కూడా సెలవు. ఆ రోజు హోత్ వెళ్దామా అనుకుంటున్నా.

సీగల్_బాధితుడు

వద్దు. ఎండ కాస్తే ఆ రోజు సగం డబ్లిన్ హోత్‌లోనే ఉంటుంది. రైలెక్కడానికి ప్లాట్‌ఫాం మీద క్యూ, ఐస్‌క్రీమ్‌కి క్యూ, పక్షులకి పండగ.

స్టాంప్4_అక్క

బ్యాంక్ హాలిడే వీకెండ్లలో పట్టాల పనులు పెట్టుకుని డార్ట్‌లో కొంత భాగం ఆపేస్తుంటారు, బదులు బస్సు వేస్తారు. మీ అమ్మగారికి బస్సు పడదు కదా. రెండు రోజుల ముందు టీఎఫ్‌ఐ (ఇక్కడి బస్సులు, రైళ్ళ సమాచారం ఇచ్చే) యాప్‌లో చూసుకో. నన్నడిగితే మామూలు మంగళవారమో బుధవారమో సెలవు పెట్టి, పదింటి తర్వాత బయల్దేరు. సీటు దొరుకుతుంది.

గోదారి_గట్టు

మంగళవారం మేనేజర్‌కి రివ్యూ ఉంది. బుధవారం అడిగి చూస్తా. అమ్మ పులిహోర కలుపుతుంది.

టాలా_తమ్ముడు

బుధవారం నాకు వర్క్ ఫ్రమ్ హోమ్. కానలీ ప్లాట్‌ఫాం మీద ఎన్నింటికి ఉండాలో చెప్పు.